మొర్రి మొక్క బతకాలంటే నర్సరీ క్యాలెండర్ మారాలి

సంపాదకుడు గారికి,

వానలు పడగానే నగరంలో మొక్కల పంపిణీ మొదలవుతుంది. వేప, కానుగ, ఉసిరి, జామ, మందార... కాలనీలోకి వచ్చే ట్రాలీలో మొర్రి మొక్క కనిపించడం మాత్రం అరుదు. రంజాన్ నాడు షీర్ ఖుర్మాలో, పెళ్లిలో డబుల్ కా మీఠా మీద, గసగసాలతో కలిపి నూరే ఖుర్మా మసాలాలో పడే సారపప్పు ఈ మొర్రి పండు టెంకలోదే. బేగంబజార్‌లో యాభై గ్రాములు, వంద గ్రాములుగా పొట్లం కట్టించుకునే మనకు చెట్టు ముఖం తెలియదు. నర్సరీ వాళ్లనడిగితే 'మొలవదండీ, మొలిచినా నాటాక చస్తుంది' అంటారు. రెండూ నిజమే. రెంటికీ కారణం మాత్రం నర్సరీలోనే ఉంది.

మొర్రి లేదా సారచెట్టు మామిడి, జీడిమామిడి, నల్లజీడి కుటుంబానికి చెందినది. శాస్త్రీయంగా బుకనానియా ప్రజాతి. ముదురు బూడిదరంగు బెరడు మొసలి వీపులా చదరాలు చదరాలుగా పగిలి ఉంటుంది. నల్లమద్ది బెరడూ ఇలాగే ఉంటుంది కాబట్టి బెరడు ఒక్కటే చూసి పోల్చుకుంటే పొరపాటు పడతాం. ఆకు తిప్పి చూడాలి. నల్లమద్ది ఆకు అడుగున, కాడ దగ్గర, నడిమి ఈనె మీద చిన్న బుడిపెలు ఉంటాయి, మొర్రికి ఉండవు. మొర్రి ఆకు దళసరిగా, తోలులా ఉండి, పక్క ఈనెలు దువ్వెన పళ్లలా తిన్నగా సాగుతాయి. జనవరి నుంచి మార్చి దాకా మామిడి పూతలాంటి తెల్లటి గుత్తులు వేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో శనగగింజ కంటే కాస్త పెద్దవైన పండ్లు ఆకుపచ్చ నుంచి ఎర్రబడి, నల్లగా మాగుతాయి. పైన తీపి, పులుపు కలిసిన పలుచటి గుజ్జు, లోపల రాయిలాంటి టెంక, అందులో కందిగింజంత పప్పు. ఆ పప్పులో సగం దాకా నూనే.

అసలు చిక్కంతా ఆ నూనెతోనే. డబ్బాలో నెలల తరబడి ఉంచిన సారపప్పు నోట్లో వేసుకుంటే గొంతు పట్టే చేదు తగులుతుందే, టెంకలోని గింజకూ అదే గతి పడుతుంది. నూనె మురిగితే మొలక చచ్చిపోతుంది. మన నర్సరీల లెక్క ఏమిటంటే, చలికాలంలో సంచులు నింపి గింజలు వేస్తే వానాకాలానికి మొక్క చేతికొస్తుంది. చాలా మొక్కలకు అది సరిపోతుంది. మొర్రి గింజ దొరికేది మే నెలలో. దాన్ని చలికాలం వరకు గోనెసంచిలో దాచి వేస్తే వందకు ఎన్ని లేస్తాయో వేసినవాళ్లకే తెలుసు. మేలో ఏరిన గింజను జూన్ లోపే వేసి, మొక్కను ఏడాది పెంచి, మరుసటి వానాకాలంలో పంచాలి. ఈ ఒక్క మార్పు చేయనంతకాలం మిగతావి ఎన్ని చేసినా దండగే.

గింజ తీయడంలోనూ పద్ధతి ఉంది. చెట్టు కింద రాలిన నల్లటి పండ్లే ఏరాలి. పచ్చికాయలో పప్పు ముడుచుకుపోయి ఉంటుంది. ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, పొద్దున గోనెపట్టా మీద వేసి రుద్దితే గుజ్జు ఊడిపోతుంది. గుజ్జు మిగిలితే బూజు పడుతుంది. కడిగేటప్పుడు పైకి తేలినవి తాలు, పారబోయాలి. మునిగినవాటిని రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టాలి. టెంకకు అంచు వెంట సన్నటి అతుకు ఉంటుంది. ఆ అతుకు పైకి వచ్చేలా రెండు వేళ్లతో నిలబెట్టి చిన్న రాయితో మెల్లగా తడితే రెండు చిప్పలుగా నెర్రె విడుస్తుంది. అడ్డంగా పెట్టి కొడితే పప్పు నలిగిపోతుంది. నెర్రె విడిచిన గింజను ఆ రోజే వేసేయాలి, మర్నాటికి ఉంచితే చీమలపాలే. వేలకొద్దీ గింజలకు ఇంత ఓపిక లేదంటారా, కనీసం ఒక పగలూ ఒక రాత్రీ నీళ్లలో నాననిచ్చి వేయండి. మొలకలు తగ్గుతాయి, అంతే.

సంచిలో నింపాల్సింది రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు. గింజ వేసే లోతు సెంటీమీటరు, మించితే ఒకటిన్నర. సంచి పొట్టిదైతే అక్కడే మరో దెబ్బ. మొర్రి పైకి అంగుళం పెరిగేలోపు తల్లివేరు కిందికి ఎన్నో అంగుళాలు దిగుతుంది. అయిదారు అంగుళాల సంచిలో అది అడుగు తగిలి చుట్టలు చుట్టుకుంటుంది, లేదా చిల్లులోంచి నేలలోకి దిగుతుంది. పంపిణీ రోజున సంచి లాగితే వేరు తెగుతుంది. 'నాటాక చస్తుంది' అనేది ఇలా తెగిన మొక్క గురించే. పది అంగుళాలకు తగ్గని సంచి వాడి, నేలకు ఆనకుండా ఇనుప జాలీ మీద పెడితే గాలి తగిలిన వేరుకొన అక్కడే ఆగిపోతుంది. నీళ్లు ఎక్కువైతే మొలక మొదలు కుళ్లుతుంది. పైమట్టి ఆరాకే మళ్లీ పోయాలి.

ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ ఉన్న అర్బన్ ఫారెస్ట్ పార్కుల్లో సంచుల గొడవ కూడా అక్కర్లేదు. మన మొరం నేల, రాళ్ల మధ్య చెలక మొర్రికి నచ్చుతుంది. నీరు నిలిచే నల్లరేగడి పనికిరాదు. తొలకరికి గుంతకు మూడు గింజలు వేసి, ఉడతలు తవ్వకుండా పైన తుమ్మకంప పరిస్తే వేరు తెగే బెడదే ఉండదు. ఎదుగుదల నెమ్మది, కాపుకు ఏళ్లు పడుతుంది, ఆ మాట దాచక్కర్లేదు. త్వరగా కాపు కావాలంటే లేతకొమ్మ అంటు కట్టాలి. గుజరాత్‌లో గోధ్రా దగ్గరి ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) ఉద్యాన కేంద్రం మొర్రిలో 'థార్ ప్రియ' అనే రకాన్నే ఇచ్చింది.

ఈ మధ్య చాక్లెట్లలో వేసే గుండ్రటి పప్పు, హేజెల్‌నట్ మొక్కలు హైదరాబాద్‌లో పెరుగుతాయా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. మన దేశపు అడవి హేజెల్‌నట్ పశ్చిమ హిమాలయాలది. హిమాచల్‌లోని పాంగి లోయలో దాన్ని థాంగి అంటారు. వందల గంటల గడ్డు చలి లేనిదే అది సరిగా కాయదు. మన ఎండకు కాసే అడవి పప్పు మొర్రే.

అడవిలోని చెట్ల సంగతీ ఒక మాట. ముందు కోసినవాడిదే పంట అన్నట్టు ఉండడంతో ఏప్రిల్‌లోనే పచ్చికాయలు దూయడం, కొమ్మలు నరికి కింద పడేసుకోవడం జరుగుతోంది. నరికిన కొమ్మ మరుసటి ఏడు పూయదు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలాల మీద హక్కు అక్కడివాళ్లకే ఇచ్చింది కాబట్టి కోత మొదలుపెట్టే రోజును గ్రామసభే పెట్టుకోవచ్చు. కొనే సంస్థలు కూడా ముడుచుకున్న పప్పుకూ నిండు పప్పుకూ ఒకే ధర కట్టడం మానాలి.

ఏప్రిల్ ఆఖరుకల్లా అటవీ శాఖ నుంచి జిల్లా నర్సరీలకు మొర్రి గింజల సేకరణ ఉత్తర్వు వెళ్లాలి, పది అంగుళాల సంచులకు ఇండెంటు పెట్టాలి. జూన్‌లో పెడితే అప్పటికి గింజ ఉండదు.

ఇట్లు,
ఇద్దరు వృక్షశాస్త్ర అధ్యాపకులు,
తార్నాక, హైదరాబాద్