పొగమంచు తాగి బతికే ఎడారి

ఒరేయ్ శీనూ,

నమీబ్ ఎడారిలో అంతగా ఏముందిరా అని అడిగావు కదా. ఫోన్లో చెప్తే తనివి తీరదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు మ్యాప్ తీసి చూడు. ఆఫ్రికా నైరుతి తీరంలో, అంగోలా దక్షిణ భాగం నుంచి నమీబియా తీరమంతా పరుచుకుని దక్షిణాఫ్రికా దాకా, సుమారు 2000 కిలోమీటర్ల పొడవున సాగుతుంది ఈ ఎడారి. వెడల్పు మాత్రం తక్కువే. కొన్నిచోట్ల ఇసుక దిబ్బలు నేరుగా అట్లాంటిక్ అలల్లోకి దిగిపోతాయి. పక్కనే అంత సముద్రం పెట్టుకుని వాన ఎందుకు పడదంటే, కారణం ఆ సముద్రమే! దక్షిణం నుంచి వచ్చే బెంగ్వేలా ప్రవాహం మహా చల్లన. దాని మీది గాలి కూడా చల్లబడి కిందే ఉండిపోతుంది, వానమబ్బు కట్టేంత ఎత్తుకు లేవదు. కానీ అదే గాలి పొగమంచై రాత్రిపూట ఎడారి మీదికి వస్తుంది. తీరంలో ఏడాదికి వంద రోజులకు పైగా మంచే. లోపల, కుయిసెబ్ నది ఒడ్డున గోబబెబ్ అని 1962 నుంచి నడుస్తున్న పరిశోధనా కేంద్రం ఉంది. అక్కడ ఏడాది మొత్తానికి పడే వాన సగటున పాతిక మిల్లీమీటర్లు. వాన ఏ ఏడు పడుతుందో తెలీదు, మంచు మాత్రం వస్తూనే ఉంటుంది. ఇక్కడి ప్రాణులు దాన్నే నమ్ముకున్నాయి.

ఇక్కడొక నల్ల పెంకుపురుగు ఉందిరా, బొటనవేలి గోరంత ఉంటుంది. పగటి పురుగే, కానీ మంచు వచ్చిన వేళ చీకట్లోనే దిబ్బ కొస మీదికి ఎక్కుతుంది. గాలికి ఎదురుగా నిలబడి తల కిందికి వంచి, ఒంటి వెనక భాగం పైకి లేపి అలా కదలకుండా ఉండిపోతుంది. వీపు మీద మంచు సన్నటి చుక్కలుగా పడుతుంది, చుక్కా చుక్కా కలిసి బరువై జారుతూ వచ్చి నోటి దగ్గర ఆగుతుంది. అంతే, తాగేస్తుంది! 1976లో హామిల్టన్, మేరీ సీలీ అనే శాస్త్రవేత్తలు దీన్ని కొలిచి చూశారు: కొన్ని పురుగులు ఒక్క పూటలో తమ బరువులో మూడో వంతు నీళ్లు తాగాయట. దాని చుట్టాల్లో ఇంకో జాతి ఇసుకలో చిన్న కాలువ తవ్వి, ఆ గట్టున పట్టిన తడి పీల్చుకుంటుంది. ఇసుకలో పక్కకు జారుతూ పాకే ఒక బుల్లి పాము తన ఒంటి మీద చేరిన మంచును తనే నాకుతుంది.

మరి తిండో? అది తూర్పు గాలి తెస్తుంది. లోపలి మైదానాల్లోని ఎండుగడ్డి, విత్తనాల పొట్టు కొట్టుకొచ్చి దిబ్బల వాలులో పోగుపడతాయి. పడమటి గాలి నీళ్లు, తూర్పు గాలి తిండి. నాకైతే ఇది ఎంత తలుచుకున్నా ఆశ్చర్యమే.

కుయిసెబ్ గురించి చెప్పాలి. చాలాకాలం ఎండిపోయే ఉంటుంది, సముద్రం దాకా నీళ్లు చేరేది ఎప్పుడో గానీ కాదు. అయినా అప్పుడప్పుడూ వచ్చే ఆ వరదే ఇసుకను ఊడ్చేస్తుంది. అందుకే దక్షిణపు ఒడ్డున వందల మీటర్ల ఎర్రటి దిబ్బలు, ఉత్తరపు ఒడ్డున చదునైన గులకరాళ్ల నేల. నది దాటితే వేరే లోకం. దాని పక్కన నారా అనే ముళ్లపొద ఉంటుంది, ఆకులే ఉండవు, వేళ్లు లోతున భూగర్భజలం దాకా దిగుతాయి. దాని పుచ్చకాయలాంటి కాయే టోప్నార్ జనానికి తరతరాలుగా తిండి.

ఆ గులకరాళ్ల నేల మీదే వెల్విచియా ఉంటుంది. జీవితాంతం రెండే ఆకులు, గాలికి పీలికలైపోయి ఉంటాయి. వెయ్యేళ్లు దాటిన మొక్కలున్నాయి. రాళ్ల మీద మంచుతో బతికే లైకెన్లు (శిలీంధ్రం, నాచు కలిసి బతికే జీవులు) చూస్తే మరకల్లా ఉంటాయి, కానీ ప్రాణమున్నవి. ఒక్కసారి బండి ఎక్కిందా, ఆ టైరు గీత దశాబ్దాల పాటు పోదు. అక్కడక్కడా అలాంటి గీతలు చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది.

నువ్వొస్తే బండి దారి దిగనివ్వనని ముందే మాటివ్వాలి. తీరంలోని స్వకోప్‌ముండ్ ఊళ్లో ఎక్కువగా చల్లగానే ఉంటుంది, స్వెటర్ పెట్టుకో. సెలవు ఎప్పుడు దొరుకుతుందో వెంటనే రాయి.

నీ,
రవి