ఉద్యోగం మానేశానని నా తరఫున ఎవరు రాశారు? కేంద్ర కార్మిక మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రివర్యులకు, ఒడిశాలోని రాయగడ జిల్లా నుంచి ఒక మాజీ కాంట్రాక్టు కార్మికుడు నమస్కరించి చేసుకునే విన్నపం.

విషయం: ఇఎస్‌ఐ నిరుద్యోగ భృతి దరఖాస్తులో, పని పోయిన కారణం తప్పుగా నమోదు కావడం గురించి.

అయ్యా,

మీకు తెలుగు రాదని నాకు తెలుసు. ఇంతకు ముందు ఒడియాలో రాయించి పంపిన అర్జీకీ, జన సేవా కేంద్రంలో ఇంగ్లీషులో టైపు చేయించి పంపిన అర్జీకీ దక్కిన ఆదరణ చూశాక, చదవని ఉత్తరం ఏ భాషలో ఉంటేనేం అన్న ధైర్యం వచ్చి ఈసారి ఇంట్లో మాట్లాడుకునే భాషలోనే రాస్తున్నాను. మీరు చదవకపోయినా రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు, సరిహద్దు దాటితే పార్వతీపురం వైపు, నాలాగే గేటు బయట నిలబడ్డవాళ్లయినా చదువుకుంటారు.

పని పోయిన ఇఎస్‌ఐ కార్మికుడికి కొన్నాళ్లు భృతి ఇచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన గురించి మీకు నేను వివరించబోతే అది తాతకు దగ్గులు నేర్పినట్టు ఉంటుంది. పథకం చెడ్డదని కూడా నేను అనడం లేదు. నా తగవంతా ఆ పథకం గడపలోనే అడ్డంగా ఉన్న ఒక గడితో. పని ఎందుకు పోయిందో చెప్పే గడి అది. దాన్ని నింపేది పని పోగొట్టుకున్న మనిషి కాదు, మీ శాఖ అధికారీ కాదు. ఆ మనిషిని పనిలోంచి పంపేసిన కాంట్రాక్టరే దాన్ని నింపుతాడు.

నేను ఒక ఫ్యాక్టరీ వేబ్రిడ్జి దగ్గర లారీల తూకం చీటీలు రాసేవాణ్ణి. జీతం 15,000 రూపాయలు. అందులో ఇఎస్‌ఐ కింద నెలకు 113 రూపాయలు కోసేవారు. జీతం ఆలస్యమైన నెలలు ఉన్నాయి గానీ ఆ కోత తప్పిన నెల లేదు. కాంట్రాక్టు గడువు తీరిన సాయంత్రం షిఫ్టు దిగి వస్తున్న మమ్మల్ని సూపర్‌వైజరు గేటు దగ్గర ఆపి, ఒక్కొక్కరి మెడలోని పాసు తీయించి, అన్నిటినీ కలిపి రబ్బరు బ్యాండు వేసి, మోటారు సైకిలు సంచీలో పడేసుకున్నాడు. టెండరు తేలాక కబురు చేస్తామన్నాడు. నోటీసు ఇవ్వలేదు, ఉత్తరం ఇవ్వలేదు, సంతకం అడగలేదు. టెండరు తేలింది. కొత్త కాంట్రాక్టరు తన మనుషులతో వచ్చాడు. మాకు కబురు రాలేదు.

ఆ తర్వాత జరిగింది మేము చూడలేదు, చూసే వీలు కూడా లేదు. ఒక నెలలో కార్మికుడు సున్నా రోజులు పనిచేసినట్టు చూపించాలంటే యజమానికి మీ వెబ్‌సైటులో కారణాల జాబితా ఒకటి తెరుచుకుంటుంది. సెలవులో ఉన్నాడు, రిటైరయ్యాడు, చనిపోయాడు, సమ్మె లేదా లాకౌటు, పని లేదు, రిట్రెంచ్‌మెంట్ (అంటే యజమానే పనిలోంచి తీసేయడం), లెఫ్ట్ సర్వీస్ వగైరాలు అందులో ఉంటాయి. మా పేర్ల ఎదురుగా కాంట్రాక్టరు ఆఫీసులో కూర్చున్నవారు లెఫ్ట్ సర్వీస్ నొక్కారు. అంటే మేమే మానేసి వెళ్లిపోయామన్నమాట. మా సెక్షనులో పనిచేసిన వాళ్లందరికీ, ఒకే యజమాని కోడు కింద, ఒకే తేదీన, ఒకేసారి జీతం మీద విరక్తి పుట్టిందన్నమాట. అయ్యా, ఊరంతా కూడబలుక్కుని సన్యాసం పుచ్చుకున్నా అంత క్రమశిక్షణతో ఒక్క రోజున కుదరదే! ఆధార్‌లో ఒక్క అక్షరం తేడా వస్తే పట్టేసే మీ కంప్యూటరుకు ఇంతమంది ఒక్క రోజున మానేశారంటే అనుమానమైనా రాలేదా?

ఈ సంగతి నాకు తెలిసింది మా ఇఎస్‌ఐ శాఖా కార్యాలయం కౌంటరు దగ్గర. అక్కడి ఉద్యోగి నా బీమా నంబరు కొట్టి, తెర నావైపు తిప్పి, వేలితో చూపించాడు. నా పేరు, చివరి పని దినం, దాని పక్కన ఆ రెండు మాటలు. మీరే మానేశారు కదా, ఇక భృతి ఎలా వస్తుందన్నాడు. నన్ను తీసేశారని చెప్పాను. అయితే తీసేసినట్టు యజమాని చేత ఉత్తరం రాయించుకు రమ్మన్నాడు. నా ఉద్యోగం తీసేసిన మనిషి దగ్గరికి నేనే వెళ్లి, అయ్యా, నా ఉద్యోగం తీసేశారని దయచేసి ఒప్పుకోండి అని బతిమాలుకోవాలి. ఈ ఏర్పాటు ఏ మేధావి బుర్రలో పుట్టిందో గానీ ఆయనకు ఒక నమస్కారం.

బతిమాలాను కూడా. ఫ్యాక్టరీ హెచ్‌ఆర్ వాళ్లు అది కాంట్రాక్టరుకు సంబంధించిన విషయమన్నారు. కాంట్రాక్టరు, పాత ఫైళ్లు సూపర్‌వైజరు దగ్గర ఉన్నాయన్నాడు. సూపర్‌వైజరు ఎత్తిన ఒకే ఒక్క ఫోనులో, పాపం, దాపరికం లేకుండా నిజం చెప్పాడు: రిట్రెంచ్‌మెంట్ అని పెడితే పరిహారం అడుగుతారు, లెఫ్ట్ సర్వీస్ అని పెడితే ఎవరూ ఏమీ అడగరు, కాబట్టి అందరికీ అలాగే పెడతామన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. ఇంతమందిలో నాకు నిజం చెప్పినవాడు అతనొక్కడే.

ఈ ఒక్క నొక్కుడుతో ఎన్ని తలుపులు మూసుకుంటాయో చూడండి. రిట్రెంచ్‌మెంట్ అయితే సర్వీసు చేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన కొత్త లేబర్ కోడ్ల ప్రకారం, మరో 15 రోజుల వేతనం నైపుణ్య శిక్షణ నిధికి యజమాని కట్టాలి, దాన్ని 45 రోజుల్లో కార్మికుడి ఖాతాలో వేయాలి. 2005 నుంచి ఉన్న రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజనలో రిట్రెంచ్‌మెంట్‌కు గురైనవారికి, ఫ్యాక్టరీ మూతపడినవారికి గరిష్ఠంగా 24 నెలల భృతి ఉంది. తనంతట తాను మానేసినవాడికి వీటిలో ఏదీ లేదు. కాంట్రాక్టు గడువు తీరితే అది రిట్రెంచ్‌మెంట్ కిందికి రాదని ప్లీడర్లు వాదించవచ్చు, ఆ వాదన వారు చూసుకుంటారు. అది కాకపోతే పని లేదు అనే కారణం కూడా అదే జాబితాలో ఉంది కదా? కనీసం అదైనా నొక్కి ఉంటే నిజానికి కొంత దగ్గరగా ఉండేది. జాబితాలో మాకు అన్నిటికంటే నష్టం చేసేదాన్నే, తమకు పైసా ఖర్చు లేనిదాన్నే ఏరి నొక్కారు. అబద్ధానికి లాభమూ నిజానికి నష్టమూ ఉన్నచోట, ఏది నమోదు చేయాలో ఆ లాభం పొందే మనిషికే వదిలేస్తే ఇంకేం జరుగుతుందని తమరు అనుకున్నారు?

మీ పథకం నియమాలను నేను ఒకరి చేత చదివించుకున్నాను. దుష్ప్రవర్తనకు శిక్షగా పని పోయినవారికి, పదవీ విరమణ చేసినవారికి, స్వచ్ఛంద విరమణ తీసుకున్నవారికి భృతి లేదన్నారు. నేను ఈ మూడింటిలో దేనిలోకీ రాను. 2020లో కోవిడ్ సమయంలో మీ శాఖే భృతిని సగటు రోజు సంపాదనలో 25 శాతం నుంచి 50 శాతానికి పెంచింది, ఎదురుచూడవలసిన గడువును 90 రోజుల నుంచి 30 రోజులకు తగ్గించింది, దరఖాస్తు యజమాని ద్వారా రానక్కరలేదనీ కార్మికుడే నేరుగా శాఖా కార్యాలయానికి ఇచ్చుకోవచ్చనీ ప్రకటించింది. అఫిడవిట్ కూడా అక్కరలేదని ఆ ఏడాదే చెప్పింది. ఆ మాటలు ఢిల్లీ నుంచి బయలుదేరి మా కౌంటరు దాకా వచ్చేసరికి ఏ స్టేషనులో దిగిపోయాయో తెలియదు గానీ, నన్ను స్టాంపు కాగితం మీద అఫిడవిట్ కూడా తెమ్మన్నారు, యజమాని ఉత్తరమూ తెమ్మన్నారు. రెండోదాని సంగతి పైన చెప్పాను. మొదటిది కోర్టు దగ్గర నోటరీ చేయించి ఇచ్చాను, తీసుకున్నారు. అది ఎందుకు అడిగారో, ఎక్కడ పెట్టారో నాకు చెప్పలేదు.

పోనీ, నా మీద దయ తలచి భృతి ఇచ్చినా ఎంత వస్తుందో లెక్క వేశాను. దరఖాస్తుకు ముందు నాలుగు చందా కాలాల్లో, అంటే రెండేళ్లలో వచ్చిన మొత్తం సంపాదనను 730తో భాగించి అందులో సగం ఇస్తారు. నా జీతం ప్రకారం రెండేళ్లకు 3,60,000 రూపాయలు. రోజుకు 493, అందులో సగం 246. గరిష్ఠంగా 90 రోజులకు సుమారు 22,000. అదీ జీవితంలో ఒక్కసారే. అయితే నా జీతంలో కోసిన చందాను కాంట్రాక్టరు నాలుగు నెలలపాటు జమ చేయలేదని ఆ తెర మీదే బయటపడింది. అప్పుడు లెక్క 3,00,000 మీద పడుతుంది, భృతి దాదాపు 18,500కు దిగుతుంది. జీతం చీటీలో కోత కనబడుతుంది, మీ ఖాతాలో జమ కనబడదు, ఆ తేడా భారం నా భృతి మీద పడుతుంది. ఈ మొత్తం కోసమా ఇంత గోల అని తమకు అనిపించవచ్చు. మా ఇంటికి అది మూడు నెలల అద్దె, బియ్యం, పిల్లవాడి పరీక్ష ఫీజు.

ఆన్‌లైనులో ఫిర్యాదు పెట్టాను. అది పై నుంచి తిరిగి తిరిగి, నన్ను వెనక్కి పంపిన కౌంటరుకే చేరింది. యజమాని నమోదు చేసిన కారణాన్ని బట్టి దరఖాస్తు పరిశీలనకు అర్హం కాదు అని వారు జవాబు రాశారు, ఫిర్యాదు పరిష్కారమైందని నా ఫోనుకు మెసేజీ వచ్చింది. ఎంత తృప్తి కలిగిందో అడిగే మెసేజీ కూడా దాని వెనకే వచ్చింది.

మా తెలుగువాళ్లకు ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. మేము ఇంటిపేరు ముందు రాసుకుంటాము, ఇక్కడి రికార్డుల్లో అది చివరికి పోతుంది. వెంకటరావు ఒడియా రేషను కార్డులో బెంకటరావు అవుతాడు. బ్యాంకు పుస్తకం, ఆధార్, ఇఎస్‌ఐ కార్డు మూడూ ఒక్క మనిషివేనని నిరూపించుకోవడానికే కొందరికి కాలం సరిపోతోంది. దీని గురించి ఇప్పుడు ఎక్కువ చెప్పను, అసలు విషయం పక్కకు పోతుంది.

మా వేబ్రిడ్జి దగ్గరే లోడింగు చేసిన బిస్సంకటక్ వైపు కుర్రవాడి సంగతి మాత్రం చెప్పాలి. ఇంట్లో కుయి మాట్లాడతాడు, ఒడియా కొంత, తెలుగు కొంత వచ్చు, ఇంగ్లీషు తెర ముందు నిలబెడితే ఏమీ తెలియదు. లెఫ్ట్ సర్వీస్ అంటే ఏమిటో నేనే చెప్పాను. నేను మానలేదు కదా దాదా, అలా అని ఎవరు చెప్పారు వాళ్లకు అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను, తమరు చెప్పగలరేమో. భృతి కోసం కూర్చుంటే తిండి ఎలాగని అతను విశాఖపట్నం రైలెక్కి భవనాల పనికి పోయాడు. ఇక ఆ సంవత్సరాల చందా సంగతి ఎవరూ అడగరు. మీ లెక్కల్లో దరఖాస్తులు తక్కువగా వస్తున్నాయంటే నిరుద్యోగం తగ్గిందని మాత్రం దయచేసి అనుకోకండి.

నేను అడిగేది కొత్త పథకం కాదు, పెద్ద మొత్తమూ కాదు. ఆ గడిలో యజమాని ఒక కారణం నొక్కిన వెంటనే అది ఏమిటో కార్మికుడి ఫోనుకు అతనికి అర్థమయ్యే భాషలో మెసేజీ రావాలి, అది తప్పయితే తప్పని చెప్పుకోవడానికి గడువు ఉండాలి. పీఎఫ్ డబ్బు తీసినా, బ్యాంకులో వంద రూపాయలు కదిలినా మెసేజీ వస్తున్న దేశంలో, మనిషి ఉద్యోగం పోయిన కారణం మాత్రం అతనికి తెలియకుండా ఎలా నమోదవుతుంది? ఒకే కోడు కింద ఒకే తేదీన గుంపుగా లెఫ్ట్ సర్వీస్ పడితే, భృతి ఆపకముందే తనిఖీ అధికారి ఆ కాంట్రాక్టరును కాగితాలు అడగాలి. రాజీనామా ఇచ్చామంటే మా సంతకాలున్న రాజీనామాలు చూపించమనండి. ఒక్కటి చూపించినా నేను ఈ లేఖ వెనక్కి తీసుకుంటాను. తీసేసినవాడి దగ్గర ఉత్తరం తెమ్మని అడిగే పద్ధతి ఆపించండి. మీ శాఖ 2020లో ఇచ్చిన మాటనే కౌంటరు దాకా రానివ్వండి, అంతకంటే కొత్తగా ఏమీ చేయనక్కరలేదు. అన్నిటికంటే ముందు, ఆ గడిలో ఏం రాశారో మాకు తెలియాలి, తప్పని చెప్పుకునే దారి ఉండాలి. ఇది రెండుసార్లు చెప్పానని తెలుసు. రెండు అర్జీల్లోనూ ఇదే చెప్పాను, అందుకే మళ్లీ చెప్పవలసి వస్తోంది.

నా బీమా నంబరు, జీతం చీటీల నకళ్లు, ఆఖరి నెల హాజరు పట్టీ ఫోటో, మాతో పాటు పని పోయినవారి సంతకాలు మీ కార్యాలయానికి స్పీడ్ పోస్టులో విడిగా పంపుతున్నాను. హాజరు పట్టీలో ఆఖరి రోజు సాయంత్రం షిఫ్టు దాకా మా అందరికీ హాజరు పడి ఉంది. మానేసేవాళ్లు షిఫ్టు పూర్తి చేసి వెళ్లరన్న సంగతి విచారణకు వచ్చే అధికారి ఒక్కసారి గమనించాలని కోరుతున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
బీమా చందా కట్టిన ఒక కార్మికుడు,
రాయగడ జిల్లా, ఒడిశా.