పద్యనాటక కథానాయకుడికి విడిగా బహుమతి ఇవ్వండి

బెంగళూరులోని మా తెలుగు సంఘం నాటక పోటీల కార్యదర్శి గారికి నమస్కారములు.

రెండేళ్లలో రాసిన మూడు ఉత్తరాలకూ జవాబు రాకపోవడంతో, నలుగురి ఎదుట ఈ లేఖ రాయవలసి వచ్చింది. మన పోటీల్లో సాంఘిక నాటకానికీ పద్యనాటకానికీ కలిపి ఉత్తమ నటుడి బహుమతి ఒక్కటే ఉంది. న్యాయనిర్ణేతల్లో సంగీతం తెలిసినవారు ఒక్కరూ లేరు. తలపై కిరీటం బరువు మోస్తూ, హార్మోనియం శ్రుతి తప్పకుండా రాగం తీస్తూ, ఎదుటి పాత్ర కళ్లలోకి చూసి నటించేవారిని, సంభాషణలతో మెప్పించే నటుడితో ఒకే తక్కెడలో తూచడం ఇద్దరికీ అన్యాయమే. అమెరికాలో రంగస్థల నాటకాలకు ఇచ్చే టోనీ పురస్కారాలు 1947లో మొదలైతే, సంగీత నాటకాల ప్రధాన నటుడికి 1948 నుంచే విడిగా ఇస్తున్నారు.

మా కృష్ణ పాత్రధారి నిరుడు డ్యూటీ దిగి నేరుగా వచ్చి, తెర వెనక మిరియాల పాలు తాగి రంగం మీదికి వెళ్లారు. వన్స్‌మోర్‌లు మూడు పడ్డాయి (అవే కొలమానం కావని నాకూ తెలుసు), బహుమతుల పట్టికలో మాత్రం ఆయన పేరు లేదు. వేషం అద్దె జీతంలోంచే కట్టుకున్న ఆయన ఈ ఏడు రానన్నారు.

ఈ ఏటి నిబంధనలు అచ్చుకు వెళ్లకముందే పద్యనాటక ప్రధాన నటుడికి ప్రత్యేక బహుమతిని చేర్చి, న్యాయనిర్ణేతల్లో ఒక సంగీత విద్వాంసుడిని నియమించి, ఆ సంగతి లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ సంఘ సభ్యుడు, హార్మోనిస్టు