వెస్టర్న్ బ్లాట్‌లో ఒక్క గీత ఎంతవరకు సాక్ష్యం?

సంపాదకులకు నమస్కారం.

కణంలోని ప్రొటీన్లను గుర్తించే వెస్టర్న్ బ్లాట్ పద్ధతిపై మీ విజ్ఞాన పేజీలో వచ్చిన వ్యాసం చదివాం. ఈ పద్ధతిలో ప్రొటీన్లను జెల్‌లో బరువును బట్టి విడదీసి, పలుచటి పొర మీదకు దించి, వెతికే ప్రొటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ వేస్తారు. అది అతుక్కున్న చోట గీత కనిపిస్తుంది. చిక్కు విషయాన్ని తేలిక మాటల్లో చెప్పినందుకు సంతోషం. అయితే అందులో రెండు మాటలు సరిదిద్దాలి. యాంటీబాడీ తనకు కావలసిన ప్రొటీన్‌కే అతుక్కుంటుందనీ, గీత ఎంత నల్లగా ఉంటే ఆ ప్రొటీన్ అంత ఎక్కువ ఉన్నట్టనీ రాశారు. ల్యాబ్‌లో కొత్తగా చేరే విద్యార్థులు సరిగ్గా ఈ రెండు నమ్మకాలతోనే వస్తారు. వచ్చిన గీతల్లో ఏది నిజమో తేల్చుకోలేక నెలల తరబడి అవస్థ పడేదీ వీటివల్లే.

మొదటి మాట తీసుకుందాం. యాంటీబాడీ గుర్తుపట్టేది ప్రొటీన్ మొత్తాన్ని కాదు, అందులోని కొద్దిపాటి అమైనో ఆమ్లాల ముక్కను. అలాంటి ముక్కే ఇంకో ప్రొటీన్‌లో ఉంటే అక్కడా అంటుకుంటుంది. కణంలో వేల రకాల ప్రొటీన్లుంటాయి. మనం వెతికేది అతి తక్కువగా ఉండి, దాన్ని పోలినది వంద రెట్లు ఎక్కువగా ఉంటే, పొర మీద కనిపించే గీత ఆ రెండోదానిదే కావచ్చు.

గీత ఉన్న చోటును బట్టి బరువు సరిపోయింది కదా అంటారు. శాస్త్రవేత్త లేమ్లీ 1970లో ప్రచురించిన, ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ వాడే జెల్ పద్ధతి, గ్రాము ప్రొటీన్ సుమారు 1.4 గ్రాముల ఎస్‌డీఎస్ పట్టుకుంటుందన్న లెక్క మీద నడుస్తుంది. ఆ లెక్క తప్పే ప్రొటీన్లు తక్కువేమీ కాదు. క్యాన్సర్ పరిశోధనలో తరచూ వినపడే పీ53 అసలు బరువు సుమారు 43.7 కిలోడాల్టన్లు (ప్రొటీన్ల బరువుకు కొలమానం). ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం దండిగా ఉన్న భాగం వల్ల జెల్‌లో నెమ్మదించి 53 దగ్గర కనిపించింది. పేరు అలాగే స్థిరపడిపోయింది. చక్కెర గొలుసులు తగిలిన ప్రొటీన్లు ఇంకా పైన, మధ్యలో తెగినవి కింద కనిపిస్తాయి.

అందుకే గట్టి పరీక్ష ఒకటుంది. ఆ ప్రొటీన్ జన్యువును తీసేసిన కణాలను పక్క లేన్‌లో (జెల్‌లో ఒక్కో శాంపిల్ నడిచే దారి) నడపాలి. గీత అక్కడ మాయమవ్వాలి. అవకపోతే అది మనం వెతికే ప్రొటీన్‌ది కాదు, యాంటీబాడీ డబ్బా మీద ఏం రాసి ఉన్నా సరే. అలాంటి కణాలు దొరకకపోతే ఎస్ఐఆర్ఎన్ఏతో (జన్యువు పనిని అణచే చిన్న ఆర్ఎన్ఏ) ఆ ప్రొటీన్‌ను తగ్గించి, గీత కూడా తగ్గుతుందో లేదో చూడాలి. గీతను చూపించేది మొదటి యాంటీబాడీని పట్టుకునే రెండో యాంటీబాడీ. కాబట్టి మొదటిది లేకుండా రెండోది మాత్రమే వేసిన పొర ముక్క కూడా ఉండాలి. ఎలుక కణజాలం మీద ఎలుకలో తయారైన యాంటీబాడీ వాడితే 50, 25 కిలోడాల్టన్ల దగ్గర ముచ్చటైన గీతలొస్తాయి. అవి ఆ కణజాలంలోని సొంత యాంటీబాడీల (ఇమ్యునోగ్లోబ్యులిన్) గొలుసులు. రెండో యాంటీబాడీ వాటినే పట్టుకుంది.

పాఠకులకు ఎక్కువగా తెలిసిన ఉదాహరణ హెచ్ఐవీ నిర్ధారణ. అక్కడ రోగి రక్తంలోని యాంటీబాడీలను వెతుకుతారు, అంటే పద్ధతి తిరగేసినట్టు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ప్రమాణంలో కూడా ఒక్క గీత చూసి పాజిటివ్ అనలేదు. పీ24, జీపీ41, జీపీ120/160 అనే వైరస్ ప్రొటీన్ల గీతల్లో కనీసం రెండుండాలనేవారు. 2014లో ఆ సంస్థ నిర్ధారణ క్రమం నుంచి వెస్టర్న్ బ్లాట్‌నే పక్కన పెట్టింది.

ఇక గీత నలుపు, ప్రొటీన్ మోతాదు సంగతి. ఇది కణాలను పగలగొట్టే దగ్గరే మొదలవుతుంది. కణం పగిలిన క్షణం నుంచి దానిలోని ప్రోటియేజ్‌లు ప్రొటీన్లను కోస్తుంటాయి. కాబట్టి పనంతా ఐస్ మీదే జరగాలి. ప్రోటియేజ్‌లను ఆపే నిరోధకాలను అప్పటికప్పుడు కలపాలి. వాటిలో ఒకటైన పీఎంఎస్ఎఫ్ నీళ్లలో ఎంతోసేపు నిలవదు, నిన్న కలిపిన బఫర్ ఇవాళ పనికిరాదు. ఫాస్ఫేట్ తగిలిన ప్రొటీన్ కావాలంటే ఆ ఫాస్ఫేట్ ఊడిపోకుండా సోడియం ఫ్లోరైడ్, ఆర్థోవనడేట్ కూడా పడాలి. 4 డిగ్రీల దగ్గర 12,000 నుంచి 14,000 జీ (భూమి ఆకర్షణకు అన్ని రెట్ల బలం) మీద 15 నిమిషాలు తిప్పి పైతేట తీసుకుంటారు. డీఎన్ఏను చుట్టి ఉంచే హిస్టోన్ల వంటి ప్రొటీన్లు చాలావరకు అడుగున పారేసే ముద్దలోనే ఉండిపోతాయని గుర్తుండాలి.

తర్వాత ప్రతి శాంపిల్‌లో ప్రొటీన్ ఎంతుందో కొలవాలి. డిటర్జెంట్ ఉన్న బఫర్‌కు బ్రాడ్‌ఫర్డ్ పరీక్ష తప్పు చెబుతుంది. బీసీఏ పరీక్ష నయం, కానీ డీటీటీ (ప్రొటీన్ గొలుసుల మధ్య బంధాలను తెంచే రసాయనం) కలిపాక కొలిస్తే అదీ తప్పుతుంది. లేన్‌కు 20 నుంచి 30 మైక్రోగ్రాములు మామూలు మోతాదు. 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు మరిగించడం రివాజే గానీ, కణపొరలో చాలాసార్లు అటూ ఇటూ దూరే ప్రొటీన్లను అలా మరిగిస్తే గడ్డకట్టి జెల్ నోటి దగ్గరే ఆగిపోతాయి. వాటిని 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే చాలు.

జెల్ నుంచి పొరకు దించేటప్పుడు జెల్ రుణ ధ్రువం వైపు, పొర ధన ధ్రువం వైపు ఉండాలి. తారుమారైతే ప్రొటీన్లన్నీ బఫర్‌లోకి పోతాయి. మధ్యలో గాలి బుడగ ఉన్నచోట తెల్లని గుండ్రటి మచ్చ మిగులుతుంది. 20 కిలోడాల్టన్ల లోపువి 0.45 మైక్రాన్ల రంధ్రాలున్న పొరలోంచి దూరి పోవచ్చు, వాటికి 0.2 మైక్రాన్ల పొర వాడాలి. పాన్సో ఎస్ రంగులో ఐదు నిమిషాలు ముంచితే దించడం అన్ని లేన్లలో సమంగా జరిగిందో లేదో తెలుస్తుంది, నీళ్లతో రంగు పోతుంది. ఈ ఐదు నిమిషాలు మిగుల్చుకోబోయి రెండు రోజుల పని పోగొట్టుకోవద్దని విద్యార్థులకు గట్టిగా చెప్పాలి.

యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా పొరలో ఖాళీలు నింపడానికి 5 శాతం వెన్న తీసిన పాలు బాగానే పనిచేస్తాయి. ఫాస్ఫేట్ తగిలిన ప్రొటీన్లను పట్టే యాంటీబాడీలకు మాత్రం బీఎస్ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్) మేలు, ఎందుకంటే పాలలోని కేసీన్‌కే ఫాస్ఫేట్ ఉంటుంది. బఫర్ చెడకుండా సోడియం అజైడ్ కలిపే అలవాటుంటే, రెండో యాంటీబాడీకి అంటించిన వెలుగు పుట్టించే హెచ్ఆర్‌పీ ఎంజైమును అది ఆపేస్తుంది.

చివర వచ్చేది వెలుగు. ఒక హద్దు దాటాక గీత ఇక నల్లబడదు. లేన్లలో సమంగా లోడ్ చేశామో లేదో చూడటానికి వాడే బీటా యాక్టిన్ ప్రొటీన్ కణంలో ఎంత ఉంటుందంటే, 20 మైక్రోగ్రాముల దగ్గరే ఆ హద్దు తగలవచ్చు. అప్పుడు ఒక లేన్‌లో సగమే లోడ్ చేసినా గీతలు సమానంగా కనిపించి, 'లోడింగ్ సమంగా ఉంది' అని అబద్ధం చెబుతాయి. మరీ ఎక్కువైతే ఎంజైము తన వెలుగుకు ముడిసరుకైన సబ్‌స్ట్రేట్‌ను క్షణాల్లో ఖర్చు చేసేసి గీత నడుమ తెల్లబోతుంది. అందుకే ముందుగా ఒకే శాంపిల్‌ను 5, 10, 20, 40 మైక్రోగ్రాములుగా నడిపి, సిగ్నల్ రెట్టింపవుతూ పోయే మేరలోనే కొలవాలి. యాక్టిన్ బదులు లేన్‌లోని మొత్తం ప్రొటీన్‌తో పోల్చడం ఇంకా భద్రం.

యాంటీబాడీ మీద అనుమానం తీరకపోతే అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమెట్రీ ఉంది. ట్రిప్సిన్ అనే ఎంజైము ప్రొటీన్‌ను లైసీన్, ఆర్జినీన్ అనే అమైనో ఆమ్లాల తర్వాత కోస్తుంది. ఆ ముక్కల బరువులే చిరునామా చెబుతాయి. చర్మం, జుట్టు నుంచి రాలే కెరటిన్ ప్రొటీన్ అందులో చొరబడకుండా జెల్ ముక్క కోసేటప్పుడు చేతి తొడుగులు తప్పనిసరి.

మీకొక మనవి. ఇకపై బ్లాట్ బొమ్మ వేసేటప్పుడు, కత్తిరించిన ఒక్క గీత కాకుండా బరువుల అంకెలున్న లాడర్‌తో, కంట్రోల్ లేన్‌తో కలిపి పొర మొత్తాన్ని వేయండి.

ఇట్లు,
జీవరసాయన శాస్త్ర అధ్యాపకులు