చర్చా మండలి వార్షిక నివేదిక – 2024

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కూడా నెలకొకసారి, రెండో ఆదివారం పొద్దున పది గంటలకు కూర్చున్నాం. పదకొండు చర్చలు జరిగాయి. సెప్టెంబరులో మాత్రం జరగలేదు. ఆ నెల మొదట్లో పడ్డ వానలకు మహబూబాబాద్ వైపు రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. అటు నుంచి వచ్చే మన సభ్యుల ఇళ్లల్లోకి నీళ్లొచ్చాయి. ఆ ఆదివారం చర్చ మానేసి బియ్యం, దుప్పట్లు పోగుచేసి పంపాం.

కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక మాట. మనలో చరిత్ర చదువుకున్నవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. మిగతావాళ్లమంతా వేరే వేరే పనులు చేసుకునేవాళ్లమే. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే పెద్దాయన ఉన్నారు, సెంట్రింగ్ మేస్త్రీ ఉన్నారు, రిటైరైన సోషల్ టీచరమ్మ, నర్సమ్మ, పోటీ పరీక్షలకు చదువుతున్న పిల్లలు ఉన్నారు. చరిత్ర, న్యాయాన్యాయాలు, కట్టడాలు, రాజ్యం ఎట్లా ఉండాలన్న మాట మన చర్చల్లో విడివిడిగా రావు. ఒకటి పట్టుకుంటే మిగతావి వెంట వస్తాయి.

జనవరి చర్చ భోగి రోజు పడింది, తొమ్మిది మందిమే వచ్చాం. తక్కువ మందిమి ఉన్నాం కదా అని ఆ రోజు చర్చ ఎట్లా చేయాలన్నదాని మీదే మాట్లాడుకున్నాం. ఒక నియమం పెట్టుకున్నాం. ఎవరికైనా జవాబు చెప్పాలంటే, ముందు వాళ్ల వాదాన్ని మన నోటితో చెప్పాలి. "అవును, నేనన్నది ఇదే" అని వాళ్లు ఒప్పుకున్నాకే మన మాట మొదలుపెట్టాలి. ఇది మనం కనిపెట్టింది కాదు. ముందు పూర్వపక్షం, అంటే ఎదుటివాళ్ల వాదం, ఆ తర్వాతే సిద్ధాంతం, అంటే మన వాదం అన్నది మన శాస్త్రాల్లో పాత పద్ధతే. ఈ ఏడాది బాగా జరిగిన ప్రతి చర్చా ఈ నియమం వల్లే బాగా జరిగిందని, చెడిన ఒక్క చర్చా ఇది పాటించకనే చెడిందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఫిబ్రవరి చర్చ గురించి కొంచెం వివరంగా రాస్తాను. మేడారం జాతర 21 నుంచి 24 దాకా. మనం 11న కూర్చున్నాం. అప్పటికే కొందరి ఇళ్లల్లో బెల్లం తెచ్చి పెట్టుకున్నారు. "కరువు ఏడాదిలో రాజు పన్ను అడగొచ్చా?" అన్నది విషయం. కథ అందరికీ తెలిసిందే. వానలు లేక కోయదొర పగిడిద్దరాజు కప్పం కట్టలేకపోయాడు. కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు సైన్యాన్ని పంపాడు. పగిడిద్దరాజు, సారలమ్మ పోరాడి ప్రాణాలిచ్చారు. జంపన్న సంపెంగ వాగులో దూకితే అది జంపన్న వాగు అయింది. సమ్మక్క చిలుకలగుట్ట వైపు పోయి మళ్లీ కనిపించలేదు.

ఓరుగల్లువాళ్లకు ఈ కథ అంత సులువుగా కొరుకుడు పడదు. కాకతీయులంటే మనకు ప్రాణం. తోరణం ముందు నిలబడి ఫొటో దిగుతాం. వారం తిరగకుండా అదే రాజు సైన్యానికి ఎదురు నిలిచిన తల్లికి ఎత్తు బంగారం, అంటే మన బరువుకు సరిపడా బెల్లం మోసుకుపోతాం. ఈ రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఇముడుతున్నాయో ఎన్నడూ అడుక్కోలేదు.

మొదట ఒక కుర్రాడు సూటిగా అడిగాడు: "ఈ కథ ఏ శాసనంలో ఉంది? శాసనంలో లేనిదాన్ని చరిత్ర అని ఎట్లా అంటాం?" తాడ్వాయి వైపు నుంచి వచ్చే నర్సమ్మ నియమం ప్రకారం ముందు ఆయన మాటను పూర్తిగా తిరిగి చెప్పింది. ఆ తర్వాత అన్నది: "శాసనం వేయించాలంటే రాయి కావాలె, చెక్కెటోనికి పైసలియ్యాలె తమ్మీ. దానం చేసినోళ్లు రాయించుకున్నరు. పన్ను కట్టలేనోళ్లు ఏంతోటి రాయిస్తరు? మాకు జాతరే శాసనం." కుర్రాడు కాసేపు ఆలోచించి, జాతర ఒక జ్ఞాపకానికి సాక్ష్యమని ఒప్పుకుంటాను, ఏ ఏట ఏం జరిగిందన్నదానికి మాత్రం ఒప్పుకోను అన్నాడు. ఆ తేడా ఇద్దరికీ సరిపోయింది. చర్చంటే ఇట్లా ఉండాలి.

ఆ తర్వాత టీచరమ్మ మోటుపల్లి శాసనం తీశారు. 1244లో కోస్తాలోని మోటుపల్లి రేవులో గణపతిదేవుడు వేయించింది. తుఫానుకు ఓడలు పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే పాత రాజులు సరుకంతా గుంజుకునేవారట. తాము మాత్రం ప్రాణం కంటే ధనమే ఎక్కువని సముద్రం దాటి వచ్చే వ్యాపారుల మీద దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం, ముప్పై వంతుల్లో ఒక వంతు సుంకం తప్ప ఏదీ ముట్టబోమని అభయమిచ్చాడు. ఆ రోజుల్లో ఇంత స్పష్టమైన మాట ఇవ్వడం గొప్పే. వింటుంటే అందరికీ గర్వంగా అనిపించింది.

అప్పటిదాకా నోరు విప్పని నేత పెద్దాయన మెల్లగా అడిగారు: "ఓడ మునిగినోని మీద దయ చూపినోళ్లు, పంట ఎండినోని మీద ఎందుకు చూపలే?"

ఎవరూ వెంటనే జవాబు చెప్పలేకపోయారు. అభయమిచ్చింది గణపతిదేవుడు, కథలో సైన్యం పంపింది ప్రతాపరుద్రుడు, ముత్తాత మాటకు మునిమనవణ్ని అడిగితే ఎట్లా అన్నారు ఒకరు. అసలు చర్చ అక్కడి నుంచే మొదలైంది. రాజు మాట రాజుతోనే పోతే ఇక దానికి విలువేముంది? చివరికి టీచరమ్మ మళ్లీ శాసనం దగ్గరికే వచ్చారు. అందులో ఉన్నది "దయతో" అన్న మాట. దయతో ఇచ్చినదాన్ని అడిగి తీసుకోలేం, ఇచ్చినవాడి మనసు మారితే పోతుంది. హక్కు అట్లా కాదు. పదింటికి కూర్చున్నవాళ్లం రెండు దాటాక లేచాం. తర్వాత మనలో పదిమంది దాకా కలిసి మేడారం పోయాం. వాగులో కాళ్లు పెట్టినప్పుడు పెద్దాయన అడిగిన మాట నాకు మళ్లీ గుర్తొచ్చింది.

దయ, హక్కుల మాట ఏప్రిల్‌లో కూడా నడిచింది. ఆ నెల రెండో ఆదివారం 14, అంబేడ్కర్ జయంతి. రాజ్యాంగ సభలో 1949 నవంబరు 25న ఆయన చేసిన ప్రసంగాన్ని చదువుకున్నాం. మతంలో భక్తి ముక్తికి దారి కావచ్చు గానీ, రాజకీయాల్లో వ్యక్తిపూజ పతనానికి, చివరికి నియంతృత్వానికే తీసుకుపోతుందని ఆయన అందులో హెచ్చరించారు. మంచి రాజు కోసం ఎదురుచూడడం మానేయాలన్నది ఆ రోజు ఎక్కువమంది మాట. నాదీ అదే.

ఇక మార్చి. వేయిస్తంభాల గుడి కల్యాణ మంటపం 8న, శివరాత్రి రోజు మళ్లీ తెరుచుకుంది. 1163 నాటి గుడి అది. మంటపాన్ని విప్పి రాళ్లు పక్కన పెట్టాక పదిహేనేళ్లకు పైగా మన కళ్ల ముందే ఖాళీగా ఉంది. 10న చర్చను అక్కడికే మార్చాం. నంబర్లు వేసి విప్పి, పగిలినవాటి బదులు కొత్త రాళ్లు చెక్కి మళ్లీ నిలబెట్టిన మంటపం పాతదా, కొత్తదా? ఇంజనీరింగ్ చదివే అమ్మాయి 1964 వెనిస్ చార్టర్ గురించి చెప్పింది. పోయిన భాగం బదులు పెట్టే కొత్తది మిగతాదానితో కలిసిపోవాలి, కానీ దగ్గరికొచ్చి చూస్తే కొత్తదని తెలియాలి. పాత పని అన్న భ్రమ కలిగించకూడదు.

మేస్త్రీ గారికి ఈ మాట బాగా నచ్చింది. పాత రాయి, కొత్త రాయి కలిసే చోట వేలు పెట్టి మాకందరికీ చూపించారు. పాత రాయి మనుషులు తాకీ తాకీ నూనె పట్టినట్టు నున్నగా ఉంది, కొత్త రాయికి ఇంకా ఆ నునుపు రాలేదు. ఇంటికొచ్చాక ఆయన మరో పని చేశారు. వేయిస్తంభాల గుడి, 1213 నాటి రామప్ప గుడి ఇసుక పునాదుల మీద నిలబడ్డాయంటే పిల్లలు నమ్మలేదు. ఆయన ఖాళీ నూనె డబ్బాలో ఇసుక నింపి, నీళ్లు పోసి దట్టించి, దాని మీద ఎక్కి నిలబడ్డారు. డబ్బా కదల్లేదు. అదే ఇసుకను నేల మీద కుప్ప పోసి ఎక్కితే పాదం దిగిపోయింది. "ఇసుక బలం ఇసుకల లేదు బిడ్డా, చుట్టూ కట్టుకున్న గోడల ఉంది" అన్నారు.

జూన్ చర్చ గురించి దాచకుండా చెప్పాలి. మే నెలాఖరులో రాష్ట్ర చిహ్నం మారుతుందని, కాకతీయ తోరణం, చార్మినార్ తీసేస్తారని వార్తలొచ్చాయి. వరంగల్‌లో నిరసనలు జరిగాయి. మార్పు వాయిదా పడింది. ప్రజాస్వామ్యంలో రాజుల గుర్తులు ఎందుకన్నది ఒక వాదం. తోరణం రాజు గుర్తు కాదు, రాయి మోసినవాళ్ల పని, ఆ చెమటను ఎట్లా తీసేస్తారన్నది రెండో వాదం. రెండూ గట్టి వాదాలే. కానీ ఆ రోజు అందరూ ముందే వేడి మీద ఉన్నారు. సమయం లేదని పూర్వపక్షం నియమాన్ని నేనే పక్కన పెట్టాను. అది నా తప్పు. పావుగంటలో చర్చ పార్టీల మీదికి పోయింది. ముప్పై ఏళ్ల స్నేహం ఉన్న ఇద్దరు పెద్దలు అనరాని మాటలు అనుకున్నారు. ఒకాయన చాయ్ గ్లాసు అట్లనే పెట్టి లేచిపోయారు. జూలైలో ఇద్దరూ రాలేదు.

ఆగస్టు 11న ఇద్దరూ వచ్చారు. చెరొక కాగితం తెచ్చారు. మాట్లాడుకోకుండానే, ఒకరి వాదాన్ని ఒకరు రాసుకొచ్చారు. తోరణం ఉండాలన్నాయన ఎందుకు ఉండొద్దో చదివారు, వద్దన్నాయన ఎందుకు ఉండాలో చదివారు. ఇద్దరూ తమ అభిప్రాయం మార్చుకోలేదు. పక్కపక్కనే కూర్చున్నారు. ఆ రెండు కాగితాలూ మన ఫైల్లో ఉన్నాయి, కావాలన్నవాళ్లు చూడొచ్చు.

ఆ రోజు అసలు విషయం, అన్యాయమైన చట్టాన్ని ధిక్కరించవచ్చా అన్నది. 1946లో సరిగ్గా అదే తేదీన వరంగల్ కోటలో జాతీయ జెండా ఎగరేశాక జరిగిన దాడిలో బత్తిని మొగిలయ్య ప్రాణాలు పోగొట్టుకున్నారు. నిజాం రాజ్యంలో గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు కింద సభ పెట్టుకోవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. మనం నెలనెలా జంపఖానా పరుచుకుని ఇష్టం వచ్చినట్టు మాట్లాడుకుంటున్నామంటే, దానికోసం ఎవరో ప్రాణాలిచ్చారు. నేను ఆ రోజు ఇదే చెప్పాను, ఇక్కడా రాసిపెడుతున్నాను.

మిగతావి క్లుప్తంగా. మేలో, పోలింగ్ ముందు రోజు కాబట్టి ఇప్పటి రాజకీయం వద్దనుకుని 1323లో కాకతీయ రాజ్యం కూలిన సంగతి తీసుకున్నాం. ఢిల్లీకి బందీగా తీసుకుపోతుంటే ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున చనిపోయాడు. తన ఇష్టంతోనే స్వర్గానికి వెళ్లాడని వందేళ్ల తర్వాతి కలువచేరు శాసనం అంటుంది. అది పరువా, ప్రజలను వదిలేయడమా అన్నదాని మీద సభ సగానికి సగం చీలింది. జూలైలో, 1886 నాటి వరంగల్ సెంట్రల్ జైలును 2021లో కూల్చి ఆసుపత్రి కట్టడం గురించి మాట్లాడాం. చర్చ చప్పగా సాగింది, ఆసుపత్రి వద్దనేవాళ్లు ఎవరూ దొరకలేదు. అక్టోబరులో దసరా తెల్లారి, హాజరు తక్కువ, కబుర్లే ఎక్కువ. డిసెంబరులో హన్మకొండ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం గురించి మాట్లాడుకున్నాం. 1904లో పుట్టిన ఆ గ్రంథాలయానికి ఈ ఏడాదితో 120 ఏళ్లు.

నవంబరు చర్చను మాత్రం వదలను. పూడిక తీయడానికి భద్రకాళి చెరువు నీళ్లు వదిలేస్తున్న రోజులవి. నెల కింద బతుకమ్మలు వేసిన చెరువు ఎండుతుంటే చూడలేకపోతున్నామన్నారు కొందరు. పూడిక తీయకుంటే చెరువే ఉండదన్నారు ఇంకొందరు. కాకతీయుల కాలంలో చెరువును కొడుకుతో సమానంగా సప్తసంతానాల్లో లెక్కపెట్టేవారని, చెరువు బాగోగులు చూసేవాళ్లకు దశబంధం కింద పదో వంతు ఇచ్చేవారని టీచరమ్మ గుర్తుచేశారు. దానికి నర్సమ్మ, "సంతానమంటే పెంచుడు కూడ ఉంటది కదమ్మా. కని ఇడిచిపెడితే ఎట్ల?" అన్నది. చెరువు కట్టించిన రాజు పేరు మనందరికీ తెలుసు. కట్ట మీద కాపలా ఉండి తూము తీసి మూసిన నీరటికాడి పేరు ఒక్కరికీ తెలియదు. వచ్చే ఏడు ఊళ్లల్లో మిగిలిన నీరటి కుటుంబాల పెద్దలను పిలిచి వాళ్ల మాట వినాలని ఆ రోజే తీర్మానించాం.

స్థలం విషయం. మనం మూడేళ్లుగా కూర్చున్న హాలును ఏప్రిల్ తర్వాత ఇవ్వలేమని యాజమాన్యం చెప్పింది. కారణం చెప్పలేదు, మనసుకు కష్టమనిపించింది. మే నుంచి ఒక సభ్యుడి డాబా మీద కూర్చుంటున్నాం. పెద్దాయన నేసిచ్చిన రెండు జంపఖానాలకు డబ్బు తీసుకోమంటే ఒప్పుకోలేదు, నూలు ఖర్చు మాత్రం బలవంతంగా ఇచ్చాం. ఏడాది చందా 200 రూపాయలే, పెంచడం లేదు. జమాఖర్చుల కాగితం దీనితో జతచేశాను.

ఆడవాళ్ల హాజరు తగ్గింది. అడిగితే ఒకటే మాట చెప్పారు: ఆదివారం పది గంటలంటే వంటింట్లో పని నడుస్తుంటుంది. ఇన్నేళ్లుగా ఆ టైం పెట్టింది మగవాళ్లమే, మాకు తట్టలేదు. అందుకని జనవరి నుంచి సాయంత్రం నాలుగు గంటలకు కూర్చుంటాం.

తర్వాతి చర్చ 2025 జనవరి 12, ఆదివారం. విషయం: చెరువు శిఖం భూమిలో, అంటే చెరువు నీళ్లు నిలిచే మేరలో, ఇల్లు కట్టుకున్న పేదలను ఖాళీ చేయించడం న్యాయమేనా? చెరువు పక్షాన మాట్లాడాలనుకునేవాళ్లు ఆలోపు శిఖంలో ఉంటున్న ఏదైనా ఇంటివాళ్లతో ఒక పూట కూర్చొని రావాలి. ఆ ఇళ్ల పక్షాన మాట్లాడేవాళ్లు ఆ చెరువు కింద సాగు చేసే రైతును కలిసి రావాలి. పేర్లు పదో తేదీలోగా నాకు చెప్పండి.

– కార్యదర్శి, హన్మకొండ