రిలీఫ్ వాల్వ్ బిగిస్తే యంత్రం వేగం పెరగదు

సంపాదకులు గారికి,

దాళ్వా (రబీ వరి) కోతలు మొదలైతే గోదావరి డెల్టాలో తణుకు, ఉండి, మండపేట, రామచంద్రపురం చుట్టుపక్కల కోత యంత్రాలు, టిప్పింగ్ ట్రక్కులు రాత్రింబవళ్లు తిరుగుతాయి. అవి షెడ్డుకు చేరకముందే చేపల చెరువుల పనికి ప్రొక్లెయిన్లు దిగుతాయి. వీటన్నిటితో పని చేయించేది హైడ్రాలిక్ ఆయిలే. వ్యవసాయ పేజీల్లో విత్తనం, ఎరువు, ఇప్పుడు డ్రోను గురించి కూడా రాస్తున్నారు గానీ ఈ ఆయిలు ఊసు రాదు. యంత్రం నెమ్మదించిందంటే రిలీఫ్ వాల్వ్ (పీడనం హద్దు దాటితే ఆయిలును ట్యాంకులోకి వదిలేసే వాల్వ్) లాక్ నట్టు వదులు చేసి, స్క్రూ అర చుట్టు బిగించడం మన దగ్గర అలవాటైపోయింది. ఈ మరమ్మతు ఎందుకు పనికిరాదో లెక్కతోనే తేల్చవచ్చు.

కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఈ లెక్క కొత్తదేమీ కాదు. నీరు తోడే మోటారు చేసే పని రెండిటిని బట్టి ఉంటుంది: ఎంత నీరు, ఎంత ఎత్తుకు. ఒక క్యూసెక్కు, అంటే నిమిషానికి సుమారు 1,700 లీటర్లు, 2 మీటర్లు ఎత్తడానికి నికరంగా కావలసింది అర కిలోవాటు పైచిలుకే. హైడ్రాలిక్స్‌లో ఎత్తుకు బదులు పీడనం ఉంటుంది. 10 మీటర్ల నీటి మట్టం దాదాపు ఒక బార్‌కు సమానం. పీడనాన్ని బార్‌లలో, ఆయిలు ప్రవాహాన్ని నిమిషానికి లీటర్లలో తీసుకుని, రెండూ గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 150 బార్ల దగ్గర నిమిషానికి 40 లీటర్లంటే 10 కిలోవాట్లు. కాలువ మోటారు ముందు 40 లీటర్లు ఏ మూలకు? కానీ 150 బార్లంటే కిలోమీటరున్నర ఎత్తున్న నీటి మట్టం. పంపులో పోయే నష్టం కూడా కలుపుకుంటే ఇంజను నుంచి 15, 16 హార్స్‌పవర్ దానికే పోతుంది.

ఇందులో బలానిది పీడనం, వేగానిది ప్రవాహం. ట్రక్కును ఎత్తే హైడ్రాలిక్ సిలిండర్‌నే జాకీ అంటాం; 100 మి.మీ. బోరు (లోపలి వ్యాసం) ఉన్న జాకీలో పిస్టన్ వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. 150 బార్ల దగ్గర అది 12 టన్నులు ఎత్తగలదు. దాని మీద పడే బరువు 6 టన్నులే అయితే గేజి 75 బార్ల దగ్గరే ఆగుతుంది, రిలీఫ్ ఎంతకు సెట్ చేసి ఉన్నా సరే. పంపు పంపేది ఆయిలును మాత్రమే. పీడనం పుట్టేది బరువు అడ్డుపడినందువల్ల. 75 బార్లతో కదులుతున్న ట్రక్కుకు రిలీఫ్‌ను 150 నుంచి 180కి పెంచితే అది ఒక్క సెకను కూడా ముందుగా లేవదు. వేగం కావాలంటే జాకీలోకి నిమిషానికి చేరే ఆయిలు పెరగాలి, ఇంకో దారి లేదు. పోలవరం స్పిల్‌వే మీద 48 గేట్లకు రెండేసి హైడ్రాలిక్ సిలిండర్లు ఉన్నాయి. ఆ గేట్లు తాపీగా లేస్తాయి. అక్కడ కావలసింది బలం కాబట్టి అలా కట్టారు, బలం తక్కువై కాదు.

బిగించిన స్క్రూ ఊరికే ఉంటే పోనీలే అనుకోవచ్చు, ఉండదు. జాకీ చివరికంటా వెళ్లాక కూడా లివరు వదలకపోతే ఆయిలంతా రిలీఫ్ మీదుగా ట్యాంకులోకి దూకుతుంది. బయట ఏ పనీ జరగదు కాబట్టి ఆ శక్తంతా వేడిగా మారుతుంది. 180 బార్లు, 40 లీటర్లంటే 12 కిలోవాట్లు, అంటే 1,500 వాట్ల వాటర్ హీటర్ రాడ్లు ఎనిమిదింటిని ట్యాంకులో ముంచినట్టు. 50 లీటర్ల ఆయిలు నిమిషానికి సుమారు 8 డిగ్రీలు వేడెక్కుతుంది. పైగా బరువు మోపినప్పుడు హోస్ పైపులు, పిన్నులు, ట్రక్కు ఛాసిస్ మీద పడగలిగే గరిష్ఠ బలం కూడా అయిదో వంతు పెరుగుతుంది.

ప్రొక్లెయిన్ దగ్గర సంగతి ఇంకా తిరకాసు. 20 టన్నుల తరగతి యంత్రాల్లో, కంపెనీని బట్టి అటూ ఇటూగా, నిమిషానికి 220 లీటర్లిచ్చే పంపులు రెండు, 350 బార్ల రిలీఫ్, 110 కిలోవాట్ల ఇంజను ఉంటాయి. పూర్తి ప్రవాహాన్ని పూర్తి పీడనంతో ఇవ్వాలంటే దాదాపు 257 కిలోవాట్లు కావాలి. ఇంజనుకు అంత లేదు. అందుకే పీడనం పెరిగే కొద్దీ ప్రవాహాన్ని తగ్గించే రెగ్యులేటర్‌ను పంపుకే అమర్చుతారు. రేగడిలో బకెట్టు బిగుసుకున్నప్పుడు బూమ్ నెమ్మదించడం రోగం కాదు, ఆ పొదుపు పని చేస్తోందన్నమాట. ఖాళీ బకెట్టుతో కూడా నెమ్మదిగా ఉంటే అప్పుడు వెతకాలి.

మరి నిజంగా నెమ్మదించిన యంత్రంలో తప్పెక్కడ? కోత యంత్రాల్లో మొదట చూడాల్సింది ఆయిలు కూలర్. గడ్డి తుక్కు, వరి పొట్టు కూలర్ రెక్కల మధ్య దట్టంగా పేరుకుంటే గాలి ఆడదు. ఆయిలు వేడెక్కి పలచబడుతుంది. 46 గ్రేడ్ ఆయిలు చిక్కదనం 40 డిగ్రీల దగ్గర 46 సెంటీస్టోక్‌లు, 100 డిగ్రీలకు వచ్చేసరికి సుమారు 7. అంత పలచనయ్యాక అరిగిన పంపులో గేర్ల పక్కల సందుల్లోంచి ఆయిలు వెనక్కి జారుతుంది. జారిన ప్రతి లీటరూ మళ్లీ వేడే. పొద్దున్న చలాకీగా ఉండి మధ్యాహ్నానికి ఈడ్చుకుంటూ నడిచే చైన్ మిషన్ల (చైన్ల మీద నడిచే కోత యంత్రాల) కథ చాలావరకు ఇదే. అప్పుడు రిలీఫ్ బిగిస్తే పంపు మీద పీడనం పెరిగే వీలు కల్పించినట్టే, లోపలి జారుడూ పెరుగుతుంది. రోజూ సాయంత్రం ఇంజను ఆపి, ఆయిలు చల్లారాక, తుక్కు వచ్చిన దారికి ఎదురు దిశలో కంప్రెసర్ గాలి కొడితే చాలు. గాలిని రెక్కలకు నేరుగా, కాస్త దూరం నుంచి కొట్టాలి, లేకపోతే రెక్కలు వంగిపోతాయి.

రెండోది సక్షన్ వైపు, అంటే పంపు ట్యాంకు నుంచి ఆయిలు పీల్చుకునే వైపు. అక్కడి స్ట్రెయినర్‌కు (జల్లెడకు) బురద పట్టినా, సక్షన్ పైపు క్లిప్పు వదులైనా పంపు కీచుమని అరుస్తుంది, ట్యాంకులో నురగ కడుతుంది. ఆయిలు పాల రంగుకు తిరిగితే నీరు చేరిందని అర్థం; ఫిల్టర్ మార్చి ప్రయోజనం లేదు, ఆయిలే మార్చాలి.

పంపు ఎంత ఇస్తోందో తెలుసుకోవడానికి ఫ్లో మీటర్ లేకపోతే గడియారం చాలు. 100 మి.మీ. బోరు, 600 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) ఉన్న జాకీలో పట్టేది 4.7 లీటర్లు. నిమిషానికి 30 లీటర్లు అందుతుంటే తొమ్మిదిన్నర సెకన్లలో పూర్తిగా లేవాలి. 14 సెకన్లు పడితే అందుతున్నది 20 లీటర్లే. ఇంజను వేగం మాత్రం ప్రతిసారీ ఒకేలా ఉంచాలి. ఆయిలు చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కాక ఒకసారి చూడండి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడికి సమయం పెరిగితే లోపల అరుగుదల ఉన్నట్టు. రెండుసార్లూ నెమ్మదే అయితే, పంపు కూడా అరుస్తుంటే, సక్షన్ వైపు వెళ్లండి. ఒకదానిలోంచి ఒకటి బయటికొచ్చే టెలిస్కోపిక్ జాకీలో లావు గొట్టం ముందు లేస్తుంది, సన్నవి తర్వాత వేగంగా లేస్తాయి. అక్కడ యంత్రం బాగున్న రోజుల్లో పట్టిన సమయంతోనే పోల్చాలి.

ఖాళీగా చకచకా లేచి, బరువుతో మొరాయిస్తే అప్పుడు పీడనం సంగతి. ఇంజను ఆపి, పీడనం వదిలి, టెస్ట్ పోర్టుకు (పీడనం కొలిచేందుకు ఉంచిన రంధ్రానికి) గేజి బిగించి, ఇంజను మళ్లీ నడిపి, జాకీని చివరికి తెచ్చి అయిదు సెకన్లకు మించకుండా చూడాలి. కంపెనీ చెప్పిన అంకె గేజి మీద వస్తే రిలీఫ్ జోలికి పోనక్కర్లేదు, బరువే ఎక్కువైంది. రాకపోతే ముందు వాల్వ్ విప్పి సీటు మీద చెత్త ఉందేమో, స్ప్రింగు విరిగిందేమో చూడాలి. స్క్రూ ముట్టుకోవడం ఆఖరున, అదీ గేజి చూస్తూనే.

హోస్ పైపుకు సన్న చిల్లు పడితే చేత్తో తడిమి వెతకడం మన షెడ్లలో మామూలే. ఆ పీడనంతో వచ్చే ఆయిలు చర్మంలోంచి దూరిపోతుంది. గాయం సూది గుచ్చినంతే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట ఉండకపోవచ్చు. గంటల్లో ఆపరేషన్ జరగకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యే పోతుంది. అట్టముక్కతో వెతకాలి. లేపిన ట్రక్కు కిందికి వెళ్లేటప్పుడు ఇనుప ఊత తప్పనిసరి. ఇంజను ఆపినంత మాత్రాన పైనున్న బరువులోని శక్తి ఎక్కడికీ పోదు.

యంత్రాలు అద్దెకిచ్చే కస్టమ్ హైరింగ్ కేంద్రాలకు ఒక సూచన. ఒక్కో కేంద్రంలో 400 బార్ల గేజి, సరిపడే అడాప్టర్లు ఉంచాలి. ప్రతి యంత్రం రిలీఫ్ అంకె, జాకీ లేచే సమయం లాగ్ బుక్కులో రాయించాలి. సర్దుబాటు చేసిన స్క్రూకు సీలు వేయించి, తీసినవారి పేరూ తేదీ కూడా అందులోనే ఎక్కించాలి.

ఇట్లు,
హైడ్రాలిక్ యంత్రాల పని తెలిసిన పాఠకులు,
తణుకు