నీరు తీయించుకోవడానికి నగరం దాకా వెళ్లాలా?

సంపాదకులకు నమస్కారం.

రొమ్ము క్యాన్సర్‌తో పోయిన మా అమ్మ ఆఖరి మూడు నెలల్లో నడుం వాల్చి నిద్రపోయిన రాత్రులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మంచం మీద కూర్చుని, ఒళ్లో రెండు దిండ్లు పెట్టుకుని, వాటి మీద తల ఆన్చి తెల్లవార్లూ గడిపేది. ఊళ్లో నెమ్ము అన్నారు. మిరియాల కషాయం పట్టమన్నారు. ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు.

మామూలుగా ఊపిరితిత్తి మీది పొరకూ ఛాతీ గోడ పొరకూ మధ్య ఉండే ద్రవం రెండు మూడు చెంచాలే. క్యాన్సర్ ఆ పొరలకు పాకితే అది లీటర్ల కొద్దీ ఊరుతుంది, ఊపిరితిత్తి విచ్చుకోవడానికి చోటుండదు. వీపు వైపు పక్కటెముకల సందులోంచి సూదితో ఆ నీరు తీస్తారు. మొదటిసారి డికాషన్ రంగు నీరు సీసాలోకి దిగుతుంటే అమ్మ ముఖం తేటపడింది. ఆ రాత్రి వెల్లకిలా పడుకుంది. పదో రోజుకు దిండ్లు మళ్లీ ఒళ్లోకి వచ్చాయి.

మా ఊరికి ఇరవై కిలోమీటర్లలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. స్కానింగ్ యంత్రమూ ఉంది. అయినా క్యాన్సర్ కేసు అనగానే నగరానికి రాసి పంపేవారు. నాలుగు గంటల బస్సు ప్రయాణం. కిటికీ ఊచ పట్టుకుని, గాలి కోసం ముఖం బయటికి పెట్టి కూర్చునేది. అలా ఐదుసార్లు తిప్పాం. ఆ పాపం ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు.

స్కానింగ్‌లో చూస్తూ నీరు తీయడం పెద్ద ఆపరేషనేమీ కాదు. శిక్షణ పొందిన డాక్టరు ఉంటే చాలు. ఒక్కసారే ఒకటిన్నర లీటరుకు మించి తీయకపోవడం వంటి జాగ్రత్తలూ వారికి తెలిసినవే. పదేపదే నీరు చేరేవారికి ఛాతీలో సన్నని మెత్తని గొట్టం అమర్చితే, నర్సు నేర్పిన పద్ధతిలో ఇంట్లోవాళ్లే సీసాలోకి వంపవచ్చు. ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకున్నవారికి టాల్క్ పొడి ఎక్కించి రెండు పొరలూ అతుక్కునేలా చేసే చికిత్సా ఉంది. ఇవేవీ క్యాన్సర్‌ను తగ్గించవు. ఊపిరి ఆడనిస్తాయి. ఈ దారులున్నాయని నాలుగోసారి వెళ్లినప్పుడు గాని మాకెవరూ చెప్పలేదు.

ప్రతి ఏరియా ఆసుపత్రిలో కనీసం ఒక డాక్టరుకు ఈ పనిలో శిక్షణ ఇప్పించి, వారానికి రెండు రోజులు కేటాయించాలని ఆరోగ్య శాఖను కోరుతున్నాను. గొట్టాన్నీ, ప్రతిసారీ మార్చాల్సిన సీసాలనూ ఉచితంగా ఇవ్వాలి. ముందుగా, ఆయాసంతో వచ్చిన క్యాన్సర్ రోగిని గుమ్మంలోంచే తిప్పి పంపవద్దని రాతపూర్వకంగా ఆదేశాలివ్వాలి.

– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా